పెట్టెలో దొరికిన ఫ్రీస్టైల్ ప్లేట్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో లాటిన్ ఫ్రీస్టైల్ అనే 80ల నాటి అమెరికా డాన్స్ పాటల పాత సింగిల్స్ (ఒక్కో పాటకి వేసిన రికార్డు ప్లేట్లు) గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో ఉత్తరాలు వరసపెట్టి వచ్చాయి, ఇంతమంది ఇళ్ళల్లో ఈ ప్లేట్లు ఉన్నాయని నేను అస్సలు అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవే తీసుకున్నాను. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు, అందుకని ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): మా వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే ఒక పెట్టెడు 12 అంగుళాల రికార్డులు తెచ్చుకున్నానండీ. టామీ బాయ్, కటింగ్, ఫీవర్, మిక్‌మ్యాక్ అని లేబుల్స్ ఉన్నాయి. వింటే డిస్కో కాదు, ర్యాప్ కాదు, కానీ కాళ్ళు ఆగట్లేదు. ఆఫీసులో ఒకాయన చూసి ఇది ఫ్రీస్టైల్ అన్నాడు. అసలేంటిది?

జవాబు: మంచి పెట్టె దొరికిందండీ మీకు. ఆ నాలుగు లేబుల్స్ ఒకే పెట్టెలో ఉన్నాయంటే ఆ ఇంట్లో ఎవరో 80ల్లో న్యూయార్క్ క్లబ్బుల్లో బాగా డాన్స్ చేసినవాళ్ళే అయ్యుంటారు.

కథ 1982 నుంచి మొదలెడదాం. ఆ ఏడాది డీజే ఆఫ్రికా బంబాటా, ఆయన బృందం సోల్ సోనిక్ ఫోర్స్ కలిసి టామీ బాయ్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) మీద 'ప్లానెట్ రాక్' అనే సింగిల్ వేశారు, ప్రొడ్యూసర్ ఆర్థర్ బేకర్, ట్యూన్ ఏమో జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ దగ్గర్నుంచి తీసుకున్నది, దరువు రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్ ది. ఆ మెషీన్ 1980లో వచ్చి 1983కల్లా తయారీ ఆగిపోయింది, కానీ అప్పటికే అది న్యూయార్క్ స్టూడియోల్లోకి చేరిపోయింది. బ్రాంక్స్, బ్రూక్లిన్, ఈస్ట్ హార్లెం కుర్రాళ్ళు, ఎక్కువమంది ప్యూర్టోరికో కుటుంబాల పిల్లలు, వాళ్ళతో పాటు ఇటాలియన్ పిల్లలు కూడా, ఆ దరువు పట్టుకుని దాని మీద ప్రేమ పాటలు పాడడం మొదలెట్టారు. 1983లో షానన్ పాడిన 'లెట్ ద మ్యూజిక్ ప్లే' వచ్చింది, మార్క్ లిగెట్, క్రిస్ బార్బోసా చేసిన పాట, మరుసటి ఏడు అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 8వ స్థానం దాకా ఎక్కింది. షానన్ లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న అమ్మాయి) కాదు, ఆఫ్రికన్ అమెరికన్, అయినా ఈ బాణీ మొత్తానికి తల్లివేరు ఆ పాటే అని నేను ఎక్కడైనా చెప్తాను.

డిస్కోలో కింద డ్రమ్ము ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ప్రతి లెక్కకీ సమంగా పడుతుంది కదా, ఇందులో అలా పడదు, ఒకచోట ఎగ్గొడుతుంది, ఇంకోచోట అర లెక్క ముందే వచ్చేస్తుంది, మనం పడిపోతామేమో అనుకునేలోపు వచ్చి కలుస్తుంది. దాని మీద కౌబెల్, టింబాలే లాంటి లాటిన్ చప్పుళ్ళు, సింథసైజర్ మీద దిగులు దిగులుగా ఒక మైనర్ ట్యూను, ఆ పైన నన్నెందుకు వదిలేశావని అడిగే ఒక అమ్మాయి గొంతో అబ్బాయి గొంతో. ఏడుపు పాటకి ఇంత హుషారుగా గెంతొచ్చని నాకు ఈ ప్లేట్లు వినేదాకా తెలీదు.

ఇది న్యూయార్క్ ఒక్కదాని సొత్తు కూడా కాదు. అదే టైములో మయామీలో ప్రెట్టీ టోనీ అని పిలిచే టోనీ బట్లర్, డెబ్బీ డెబ్ చేత 1983లో 'వెన్ ఐ హియర్ మ్యూజిక్' పాడించాడు, లూయిస్ మార్టినే అనే ప్రొడ్యూసర్ ఎక్స్‌పోజే బృందాన్ని కట్టాడు. మయామీ పాటలు కొంచెం ఎండగా ఉంటాయి, న్యూయార్క్ పాటలు రాత్రిపూట సబ్‌వే దిగి నడుస్తున్నట్టు ఉంటాయి, ఇది నా లెక్క, మీరు విని మీ లెక్క మీరు వేసుకోండి.

మీ పెట్టెలో లేబుల్స్ సంగతికొస్తే, ఫీవర్ వెనక ఉన్నది బ్రాంక్స్‌లో డిస్కో ఫీవర్ క్లబ్బు నడిపిన సాల్ అబ్బాటియెల్లో, కటింగ్ పెట్టింది ఆల్డో, అమాడో మారిన్ అనే అన్నదమ్ములు. పెద్ద కంపెనీలు కాదివి, వీధి చివర ఏం మోగుతోందో చెవి పెట్టి విని, అది నచ్చితే ప్లేటు కొట్టించి డీజేల చేతుల్లో పెట్టిన మనుషులు.

ప్రశ్న (టాంపా, ఫ్లోరిడా): పాటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, మరి లాటిన్ అనెందుకు అంటారు?

జవాబు: పాడినవాళ్ళు, ప్రొడ్యూసర్లు, ఆడినవాళ్ళలో ఎక్కువమంది లాటినో కుటుంబాల పిల్లలు కాబట్టి. వాళ్ళ ఇళ్ళల్లో స్పానిష్, బళ్ళోనూ వీధిలోనూ ఇంగ్లీషు, అందుకే మాట ఇంగ్లీషుది, తాళం ఇంటిది. మొదట్లో దీన్నే లాటిన్ హిప్‌హాప్ అని కూడా పిలిచేవాళ్ళు.

ప్రశ్న (జెర్సీ సిటీ, న్యూజెర్సీ): ఒక్కో ప్లేటు మీద ఒకటే పాట నాలుగైదు సార్లు ఉంటోంది. వోకల్, రేడియో, డబ్, ఇన్‌స్ట్రుమెంటల్, బోనస్ బీట్స్ అని. ఒక పాటకే అన్ని పేర్లు పెట్టి డబ్బులు గుంజారేమో అనిపిస్తోంది. నేను మొదటిది విని పక్కన పెట్టేస్తున్నాను.

జవాబు: అయ్యో, అలా పక్కన పెట్టకండి! ఈ సరుకంతా ఉన్నది వెనకవైపే.

ఈ 12 అంగుళాల సింగిల్ పుట్టిందే డీజేల కోసం. షాపుల్లో జనానికి అమ్మిన మొదటి 12 అంగుళాల సింగిల్ 1976లో సాల్‌సోల్ లేబుల్ వేసింది, డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాడిన 'టెన్ పర్సెంట్', వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే దాన్ని పొడిగించి మిక్స్ చేశాడు. లోతైన డ్రమ్ము చప్పుడుకి గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగాలి, చిన్న ప్లేటు మీద అంత చోటుండదు, పెద్ద ప్లేటు మీద ఒక్క పాటే వేస్తే గాడులు దూరం దూరంగా పడతాయి, చప్పుడు పెద్దగా, కింద స్వరం నిండుగా వస్తుంది. లైటు కింద పెట్టి ఏటవాలుగా చూడండి, దరువు గట్టిగా ఉన్నచోట గాడుల మధ్య ఎడం కంటికే కనిపిస్తుంది.

డబ్ అంటే పాటని విడదీసి మళ్ళీ కట్టడం. గొంతు సగంలో మాయమైపోతుంది, ఒక్క మాట మాత్రం మిగిలి ప్రతిధ్వనిలో తిరుగుతుంటుంది, డ్రమ్ము ఒంటరిగా మిగులుతుంది. ఫ్రీస్టైల్లో దీనికి పెద్దపేరు లాటిన్ రాస్కల్స్, ఆల్బర్ట్ కబ్రేరా, టోనీ మోరాన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళు న్యూయార్క్ రేడియో కోసం టేపు కోసి మిక్సులు కట్టేవాళ్ళు, ఆ పనితనం చూసే సింగిల్స్ మీద ఎడిటింగ్ పని వాళ్ళ దగ్గరికి వచ్చింది. వాళ్ళతో పాటు ఒమార్ సాంటానా, చెప్ నూన్యెజ్ పేర్లు కూడా మీ ప్లేట్ల లేబుల్ మీద సన్న అక్షరాల్లో దొరకొచ్చు, వెతకండి.

టేపు కొయ్యడం అంటే ఎలాంటి పనో ఒక్కసారి ఊహించుకోండి. స్టూడియో టేపు సెకనుకి 15 అంగుళాల లెక్కన నడుస్తుందనుకుందాం, పాట నిమిషానికి 120 లెక్కలు, అంటే ఒక్కో లెక్క అర సెకను, టేపు మీద ఏడున్నర అంగుళాలు. అందులో నాలుగోవంతు, అంటే పాటలో మీకు 'ట-ట-ట-ట' అని వినిపించే ఒక్క 'ట', రెండంగుళాలకి కూడా రాదు. రీళ్ళని రెండు చేతుల్తో ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతూ ఆ చప్పుడు సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, అక్కడ మైనం పెన్సిల్‌తో గీత పెట్టి, మెటల్ దిమ్మ మీద పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అలాంటి ముక్కలు పదో ఇరవయ్యో కాపీలు తీసి వరసగా అంటించాలి. మీ ప్లేటు మీద మూడు సెకన్ల పాటు గొంతు నత్తి పడినట్టు దూకుతుందే, అది ఒకరి రాత్రంతా పని కావచ్చు. కంప్యూటర్లో ఇప్పుడు రెండు క్లిక్కులు. నేను ఆ నత్తి వచ్చినప్పుడల్లా బ్లేడు పట్టుకున్న చెయ్యే గుర్తుచేసుకుంటాను, ఏం చేస్తాను చెప్పండి, ఆ మనిషి పేరు తెలిశాక పాట ఇంకోలా వినిపిస్తుంది.

బోనస్ బీట్స్ మాత్రం వినడానికి కాదు, డీజే రెండు పాటల మధ్య వంతెన వెయ్యడానికి. అది మీరు వదిలేసినా పర్లేదు.

ప్రశ్న (కూపర్ సిటీ, ఫ్లోరిడా): ఎక్స్‌పోజే పాడిన 'పాయింట్ ఆఫ్ నో రిటర్న్' నా ప్లేటు మీద ఒక గొంతు, ఫోన్లో వింటే ఇంకో గొంతు. నా ప్లేటు నకిలీదా?

జవాబు: కాదండీ, మీ దగ్గరున్నది ముందుదయ్యుంటుంది. మార్టినే ఆ పాటని మొదట 1984లో పాడించింది శాండ్రా కసాన్యాస్, లారీ మిల్లర్, ఆలే లొరెంజో అనే ముగ్గురి బృందంతో, అది క్లబ్బుల్లో పెద్ద హిట్టయి ఆ తర్వాత అరిస్టా కంపెనీ తీసుకుంది. ఆల్బమ్ వచ్చేసరికి బృందంలో ముగ్గురూ మారిపోయారు, జియోయా బ్రూనో, ఆన్ కర్లెస్, జెనెట్ హురాడో వచ్చారు, వీళ్ళ గొంతుతో 1987లో పాట మళ్ళీ రికార్డయింది. తర్వాత అందరికీ తెలిసింది ఈ రెండోదే. ఆల్బమ్ మొదటి ప్రతుల్లో కూడా పాత రికార్డింగే ఉండేది, తర్వాతి ప్రతుల్లో కొత్తది పెట్టారు.

నన్నడిగితే పాతదే ఇష్టం, గొంతులు అంత నున్నగా ఉండవు, గది పెద్దదిగా వినిపిస్తుంది. కానీ నేను చెప్పాలనుకున్నది వేరే, ఆ మొదటి ముగ్గురు అమ్మాయిల గొంతు ఇప్పుడు చాలామందికి వినిపించేది మీలాంటివాళ్ళ దగ్గరున్న ప్లేటు వల్లే. దయచేసి అమ్మెయ్యకండి, అమ్మినా అందులో ఎవరు పాడారో చెప్పి అమ్మండి.

ప్రశ్న (యాంకర్స్, న్యూయార్క్): ఒరిజినల్ ప్లేటు, తర్వాత మళ్ళీ కొట్టిన ప్లేటు, తేడా ఎలా కనిపెట్టాలి? అట్టలన్నీ ఒకేలా ఉన్నాయి.

జవాబు: అట్టని నమ్ముకోవద్దు. ఈ సింగిల్స్‌కి పాటకో బొమ్మ వేసిన అట్ట చాలాసార్లు ఉండదు, కంపెనీ పేరున్న మామూలు అట్ట, మధ్యలో గుండ్రంగా కన్నం, అందులోంచి లేబుల్ కనిపిస్తుంది, అంతే. ఏ అట్టలోనైనా ఏ ప్లేటైనా దూరుస్తారు.

చూడాల్సింది పాట అయిపోయాక లేబుల్‌కి ముందు నల్లగా ఖాళీగా మిగిలే ఆ ఉంగరం లాంటి చోటు. కిటికీ దగ్గర ప్లేటుని అంచులు పట్టుకుని, వెలుగు పక్కనుంచి పడేలా వంచి మెల్లగా తిప్పండి. అక్కడ చేత్తో గీకిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. లేబుల్ మీద ఉన్న నంబరే అక్కడా ఉంటుంది, దాని పక్కన ఎ అనో బి అనో సైడు గుర్తు, కొన్నిటికి ప్లేటు కోసిన స్టూడియో పేరు. న్యూయార్క్ డాన్స్ సింగిల్స్ బోలెడు వాటి మీద హెర్బీ జూనియర్ అని ఒక సంతకం, దాని పక్కన చిన్న నవ్వు మొహం బొమ్మ దొరుకుతుంది. అది హెర్బ్ పవర్స్ జూనియర్, మాస్టరింగ్ ఇంజినీరు, అంటే పాటని ప్లేటు గాడిగా కోసే మనిషి, ముందు ఫ్రాంక్‌ఫోర్డ్ వేన్ స్టూడియోలో, తర్వాత హిట్ ఫ్యాక్టరీ స్టూడియోలో పనిచేశాడు. క్లబ్బులో చప్పుడు ఎలా పేలాలో తెలిసి కోసిన మనిషి. ఆ నవ్వు మొహం నాకు మొదటిసారి కనిపించింది ఒక ఆదివారం పొద్దున, ప్లేటు తుడుస్తుంటే, బియ్యపు గింజంత ఉంది, కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చూశాను, అప్పట్నుంచి ఏ ప్లేటు చేతికొచ్చినా ముందు అక్కడే చూస్తాను.

ఆ గీతల్ని కాయితం మీద ఉన్నదున్నట్టు రాసుకుని డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల వెబ్‌సైటులో ఉన్న వివరంతో పోల్చండి. 2000లో మొదలైందది, మొదట్లో ఎలక్ట్రానిక్ పాటల కోసమే పెట్టారు కాబట్టి డాన్స్ సింగిల్స్ వివరాలు బాగా దొరుకుతాయి. నంబరు ఒకటే అయినా గీసిన తీరు వేరేగా ఉంటే, లేదా చేతిరాత బదులు అచ్చు అక్షరాలుంటే వేరే సారి కొట్టిన ప్లేటై ఉండొచ్చు. లేబుల్ తెల్లగా ఉండి అమ్మకానికి కాదు అని ఉంటే డీజేలకి ముందుగా పంపిన ప్రోమో. అట్ట మూల కోసేసి గానీ కన్నం పొడిచి గానీ ఉంటే అమ్ముడుపోక తక్కువ రేటుకి వదిలేసిన సరుకు, దానివల్ల పాటకి వచ్చిన నష్టమేం లేదు, నేను అవి సంతోషంగా కొంటాను.

ప్రశ్న (పార్సిప్పనీ, న్యూజెర్సీ): నా దగ్గర లిసా లిసా, స్టీవీ బి, స్వీట్ సెన్సేషన్ ప్లేట్లు చాలా ఉన్నాయి. అన్నీ నంబర్ వన్ పాటలు. ఎంతొస్తుందో చెప్తారా?

జవాబు: నిరాశ పడకండి, పెద్దగా ఏం రాదు. లిసా లిసా అండ్ కల్ట్ జామ్ 1987లో 'హెడ్ టు టో', 'లాస్ట్ ఇన్ ఎమోషన్' రెండింటితోనూ నంబర్ వన్ కొట్టారు, అంత పెద్ద హిట్టంటే అన్ని ప్లేట్లు కొట్టారనే అర్థం, ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఖరీదు పలికేవి ఎవరూ వినని పాటలు, ఒకే ఒక్క సింగిల్ వేసి మూసేసిన లేబుల్ ది, కొద్ది ప్లేట్లే కొట్టించి బ్రాంక్స్ డీజేలకి పంచినవి. మీ పెట్టె అడుగున ఎప్పుడూ వినని పేరుంటే ముందు దాన్ని చూడండి.

ఇంకో సంగతి గమనించారా, ఫ్రీస్టైల్ వాళ్ళకి నంబర్ వన్ తెచ్చిన పాటల్లో చాలావరకు ఫ్రీస్టైల్ దరువే లేదు! ఎక్స్‌పోజేకి 1988లో 'సీజన్స్ చేంజ్', స్వీట్ సెన్సేషన్‌కి 1990లో 'ఇఫ్ విషెస్ కేమ్ ట్రూ', అదే ఏడాది చివర స్టీవీ బికి 'బికాజ్ ఐ లవ్ యూ', మూడూ నెమ్మదిగా సాగే పాటలే. క్లబ్బులో గెలిపించిన దరువు ఒకటి, దేశమంతా రేడియో ఒప్పుకున్నది ఇంకోటి, ఈ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు కూడా ప్లేటు స్థితి నిజాయితీగా రాయండి. నియర్ మింట్ అంటే దాదాపు కొత్తది, వీజీ ప్లస్ అంటే సన్న గీతలున్నా పాటకి అడ్డం రానిది. నాకు ఒకసారి ఒకరు నియర్ మింట్ అని పంపిన దాని మీద గోరుతో తడిమితే తగిలేంత గీత ఉంది, నాలుగేళ్ళు వెతికిన డబ్ అది, ముల్లు పెట్టగానే ప్రతి చుట్టుకీ టక్ టక్‌మని కొట్టింది. డబ్బు వెనక్కిచ్చారు, నాలుగేళ్ళు ఎవరిస్తారు?

ప్రశ్న (క్వీన్స్, న్యూయార్క్): బేస్‌మెంట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచాను, తడి వాసన వస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇవ్వాళే పైకి తెచ్చెయ్యండి. నిలువుగా, పుస్తకాల్లాగా, మరీ బిగువుగా కాకుండా, ఒరగకుండా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే కింద ప్లేటు మీద బరువంతా పడి వంకర పోతుంది. మధ్యలో కన్నమున్న అట్టల్లో లోపలి కవరు చాలాసార్లు ఉండదు, దుమ్ము తిన్నగా గాడిలోకి పోతుంది, కాబట్టి ఒక్కోదానికి ప్లాస్టిక్ పూత ఉన్న లోపలి కవరు కొని తొడగండి. పాత అట్టకి బూజు పడితే దాన్ని విడిగా ఉంచండి, ప్లేటుని అందులో మళ్ళీ పెట్టకండి. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, కొళాయి నీళ్ళు ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు, లేబుల్ తడవకూడదు. ఎండాకాలం కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకండి.

ప్రశ్న (హోబోకెన్, న్యూజెర్సీ): అన్నా, నా దగ్గర రమారమి అరవై సింగిల్స్ ఉన్నాయి, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. చాలా డబ్‌లు ఇంకెక్కడా దొరకట్లేదు. ఫ్రెండ్స్ అడుగుతున్నారు, ఫైళ్ళు అందరికీ పెట్టేయనా? దాచుకుంటే పాపం కదా?

జవాబు: నీ మనసు నాకు అర్థమైంది తమ్ముడూ, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ప్లేటు నీది, పాట నీది కాదు. అమెరికా చట్టం ప్రకారం నువ్వు న్యాయంగా కొన్న ప్లేటుని అమ్ముకోవచ్చు, ఊరికే ఇచ్చెయ్యొచ్చు, ఇంకో ప్లేటుతో మార్చుకోవచ్చు. రికార్డుల్ని వ్యాపారంగా అద్దెకివ్వడం మాత్రం 1984లో వచ్చిన చట్టంతో కుదరదు, జనం అద్దెకి తెచ్చుకుని క్యాసెట్టులోకి ఎక్కించేస్తున్నారని తెచ్చిన చట్టం అది. ఫైళ్ళు పంచడం అంటే కొత్త కాపీలు తయారు చెయ్యడమే, దానికి హక్కుదారుడి అనుమతి కావాలి, పాట దొరకట్లేదన్న కారణంతో హక్కు పోదు. 80ల రికార్డుల మీద హక్కు ఇంకా చాలా ఏళ్ళుంది.

చట్టం ఒక్కటే అయితే నేను ఇంత చెప్పను. ఈ పాటలు పాడినవాళ్ళలో చాలామందికి అప్పుడు పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు. అమెరికాలో ఎఫ్‌ఎమ్ రేడియోలో పాట మోగితే రాసినవాళ్ళకి డబ్బొస్తుంది, పాడినవాళ్ళకి రాదు, ఇప్పటికీ అంతే. ఫ్రీస్టైల్లో పాట రాసేది ఎక్కువగా ప్రొడ్యూసర్లే, అంటే ఆ గొంతు వేల సార్లు మోగినా ఆ మనిషికి రేడియో నుంచి ఒక్క డాలరు కూడా రాకుండా పోయి ఉండొచ్చు. ఇంటర్నెట్ రేడియోకి లెక్క వేరు, అక్కడ వసూలైన దాంట్లో ముఖ్య గాయకుడికి 45 శాతం వాటా పోతుంది. పైగా 1978 తర్వాత కుదిరిన ఒప్పందాల్లో హక్కు రాసిచ్చినవాళ్ళు ముందుగా నోటీసిచ్చి 35 ఏళ్ళు నిండాక దాన్ని వెనక్కి తీసుకునే వీలుంది, ఉద్యోగంలో భాగంగా చేసిన పని అయితే మాత్రం కుదరదు, ఆ మెలిక మీదే కంపెనీలకీ కళాకారులకీ కోర్టుల్లో పోట్లాటలు. లెక్కేసి చూడు, 1987లో సంతకం పెట్టినవాళ్ళకి 2022లోనే ఆ గడువు వచ్చింది. కాబట్టి ఆ పాట ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో, పాడినావిడే దాన్ని మళ్ళీ విడుదల చెయ్యాలని చూస్తోందో మనకి తెలీదు, మనం ఊరికే పంచేస్తే ఆవిడ నోటి దగ్గర కూడు తీసినట్టే.

అలాగని దాచుకోమనట్లేదు, దాచుకోడం నాకూ నచ్చదు. ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలువు, ప్లేటు తిప్పు, ఎ సైడు అయ్యాక లేచి వెళ్ళిపోకుండా డబ్ దాకా కూర్చోబెట్టు. రెండు కాపీలుంటే ఒకటి ఇచ్చెయ్యి. ప్లేట్లు మార్చుకోడానికి పోస్టులో మీడియా మెయిల్ ఉంది, రికార్డులకి చెల్లుతుంది, పంపేటప్పుడు ప్లేటుని అట్టలోంచి తీసి కవరుతో సహా అట్ట వెనక పెట్టు, అటూ ఇటూ గట్టి అట్టముక్కలు వెయ్యి, లేకపోతే దారిలో ప్లేటు కదిలి అట్ట అంచు చీల్చేస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చే సాయం ఇంకోటుంది. లేబుల్ మీద ఉన్న ప్రతి పేరూ, రాసినవాళ్ళు, పాడినవాళ్ళు, మిక్స్ చేసినవాళ్ళు, టేపు కోసినవాళ్ళు, ఆ ఖాళీ ఉంగరంలో గీసిన గుర్తులు, పాట ఎన్ని నిమిషాలో, అంతా రాసి అందరికీ అందుబాటులో పెట్టు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు ఏ కంపెనీయో ఆ డబ్‌ని మళ్ళీ వెయ్యాలనుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ వివరం లేకే ఆగిపోతుంది. నీ సొంతానికి ఎక్కించుకున్న ఫైళ్ళకి కూడా ఈ పేర్లన్నీ పెట్టు, 'ట్రాక్ 3' అని వదిలెయ్యకు, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళుగా దాచుకో, చిటపటలు పోవాలని సాఫ్ట్‌వేర్‌తో మరీ గట్టిగా తోమకు, కౌబెల్ మెరుపు కూడా పోతుంది.

ప్రశ్న (ఫ్లషింగ్, న్యూయార్క్): నేను తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో క్వీన్స్ వచ్చాను. శనివారం రాత్రుళ్ళు రేడియో పక్కన కూర్చుని క్యాసెట్లు రికార్డు చేసుకునేదాన్ని, ఇంగ్లీషు సరిగ్గా రాదు, మాటలు అర్థమయ్యేవి కాదు, అయినా అన్నీ పాడేదాన్ని. ఇప్పుడు ఆ క్యాసెట్లు మా అమ్మ సూట్‌కేసులో దొరికాయి, ఒకదాని మీద నా రాతతో 'హాట్ 103' అని ఉంది. అందులో ఒక పాట నాకు పేరు తెలీదు. ప్లేటు దొరుకుతుందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ముందు తేదీ పట్టుకుందాం, అది తేలిక. హాట్ 103 మొదలైంది 1986 ఆగస్టులో, 103.5 మీద. 1988 సెప్టెంబరులో ఆ స్టేషన్ 97.1కి మారి హాట్ 97 అయింది. అంటే మీ క్యాసెట్టు ఆ రెండేళ్ళ లోపుదే, ఫ్రీస్టైల్ న్యూయార్క్ రేడియోలో రాజ్యమేలిన రోజులవి. నోయెల్ 'సైలెంట్ మార్నింగ్', కవర్ గర్ల్స్ 'షో మీ', సఫైర్ పాటలు, టీకేఏ, జూడీ టారెస్, వీటిల్లో ఏదో ఒకటి అయ్యుండే అవకాశం చాలా ఉంది, ముందు ఇవి వినండి. తర్వాత 90ల్లో అదే స్టేషన్ హిప్‌హాప్‌కి మారిపోయింది.

ప్లేటు దొరకొచ్చు. కానీ మీ క్యాసెట్టులో ఉన్నది ఏ ప్లేటు మీదా ఉండదు. డీజే ఒక పాట లోంచి ఇంకో పాటలోకి జారిన చోటు, మధ్యలో స్టేషన్ పేరు చెప్పిన గొంతు, ఆ రాత్రి ప్రకటనలు, ఇవి స్టేషన్ వాళ్ళ దగ్గర కూడా మిగలకపోయి ఉండొచ్చు. పాట పేరు వెతకడం తర్వాత, ముందు ఆ క్యాసెట్టు జాగ్రత్త.

ఊరికే పాత ప్లేయర్లో పెట్టి నొక్కెయ్యకండి, ఇన్నేళ్ళు చుట్టుకుని ఉన్న టేపు అంటుకుని ఉండొచ్చు. వెనకవైపు రెండు చిన్న పలుకులు ఉంటాయి, అవి ఇంకా ఉంటే విరగ్గొట్టండి, పొరపాటున రికార్డు బటన్ తగిలినా చెరిగిపోదు. లోపల టేపుని ఒత్తిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి, ఊడితే అలాంటి వేరే క్యాసెట్టు గుల్లలోకి టేపుని మార్పించుకోవాలి. ప్లేయర్ హెడ్‌ని శుభ్రం చేసి, ముందు మీకు పట్టింపు లేని క్యాసెట్టు వేసి నమలట్లేదని చూసుకోండి. తర్వాత మీదాన్ని పెన్సిలు పెట్టి మెల్లగా తిప్పి వదులు బిగించండి, ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ మొదటికి తెచ్చి, కంప్యూటర్లో రికార్డింగు ముందే మొదలెట్టి, అప్పుడు ప్లే నొక్కండి.